బెంచీ మీద కూర్చున్న మేనత్త

ఓపీ గదిలోకి అమ్మాయి రాగానే మీరేం చేస్తారో నాకు తెలుసు. ఫైలు లాక్కుంటారు, స్కాన్ రిపోర్టు కోసం వెతుకుతారు, తల వంచుకునే "నెలసరి ఎప్పుడొచ్చింది?" అంటారు. ఆగండి! ముందు తలెత్తి, ఆ అమ్మాయి వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దావిడను చూడండి. చీర చెంగు గడ్డం మీదికి లాక్కుని కూర్చుందా? మెడ వెనక, గొలుసు కింద, చర్మం నల్లగా మందంగా ఉందా? ఉంటే మీ కేసు సగం తేలిపోయినట్టే. పేషెంటు ఇంకా నోరు కూడా విప్పలేదు!

నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో స్త్రీల వైద్యురాలిగా ఉద్యోగమంతా చేసి, ఒంగోలులోని నా క్లినిక్‌ను నా దగ్గర పనిచేసిన చిన్న డాక్టరుకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ కుదురు లేదు. ఈ మధ్య కొందరు పీజీ పిల్లలు వచ్చి, "మేడం, పీసీఓఎస్ కేసులు మీరు చూసినన్ని మేము చూడలేదు, మీ అనుభవం రాసివ్వండి" అన్నారు. ఎప్పుడు చేరాను, ఎక్కడికి బదిలీ చేశారు, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఇవన్నీ రాయడం నాకే విసుగు. ఈ జబ్బు గురించి మాట్లాడమంటే మాత్రం నన్ను ఆపడం కష్టం. భోజనానికి చుట్టాలెవరైనా వస్తే, "ఇవాళ అండాశయాల గురించి వద్దు" అని మా ఆయన ముందే షరతు పెడతారు.

తలుపు బయట, తలుపు లోపల

పీజీ చదివే రోజుల్లో మా మొదటి యూనిట్ చీఫ్ గొంతు వార్డు చివరిదాకా వినపడేది. "బయటికి! పేషెంటు తప్ప అందరూ బయటికి!" అని అరిచేవారు. ఆయన చేతిలో కత్తి పడితే చూడ్డానికి రెండు కళ్ళు చాలేవి కావు, అంత గొప్ప సర్జన్. కానీ మన వైపు ఆడమనిషి ఆసుపత్రికి ఒంటరిగా ఎప్పుడొచ్చింది? అమ్మ, అత్త, పెద్దమ్మ, పక్కింటావిడ, అంతా ఒకే ఆటోలో దిగుతారు. వాళ్ళందరినీ తోలేసి లోపల ఒక్క భయపడ్డ పిల్లని పెట్టుకుని, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? "లేదండి" అంటుంది. మేం ఫైల్లో "లేదు" అని రాసుకునేవాళ్ళం.

తర్వాత వచ్చిన చీఫ్ ఒక పొట్టి మనిషి, ఆవిడ మాట మెత్తన. ముందు పేషెంటును ఒంటరిగానే చూసేవారు. చాటుగా అడగాల్సినవన్నీ అడిగాక, తలుపు బార్లా తెరిచి, "ఎవరెవరొచ్చారమ్మా? అందరూ లోపలికి రండి" అని పిలిచేవారు. ఒకరోజు ఒక అమ్మాయిని చూపించి, "ఈ పిల్లకి జబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పు" అన్నారు. నేను రెచ్చిపోయి హార్మోన్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"నువ్వు చెప్పింది ఎలా వచ్చిందో. నేనడిగింది ఎక్కడ్నుంచి అని" అంటూ బెంచీ వైపు కళ్ళతో చూపించారు. అక్కడ ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. గడ్డం కింద రేజరుతో గీసిన వెంట్రుకల మోళ్ళు. పక్కన మేనమామ, కుర్రతనం పోకముందే నున్నటి బట్టతల, జేబులో షుగరు బిళ్ళలు. పుస్తకంలో చదివిన జబ్బంతా బెంచీ మీద వరసగా కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి నా గదిలో పొడుగు బెంచీ లేకుండా నేను పనిచేయలేదు.

బుడగల గోల

మన దగ్గర ఈ జబ్బుకి జనం పెట్టుకున్న పేరు "నీటిబుడగలు". ఆ పేరు పెట్టినవాళ్ళు కనిపిస్తే నాలుగు దులిపేద్దామని ఉంది. స్కాన్‌లో నల్లగా, గుండ్రంగా కనిపించేవి బుడగలు కావు. అండాలు పెరిగే చిన్న చిన్న తిత్తులు. ప్రతి ఆడదానికీ ఉంటాయి. నెలనెలా కొన్ని పెరగడం మొదలుపెడతాయి, అందులో ఒకటి ముందుకొచ్చి పండి, పగిలి, అండాన్ని వదులుతుంది. ఈ జబ్బులో అన్నీ బయల్దేరతాయి, ఒక్కటీ గమ్యం చేరదు. మధ్యలోనే నిలబడిపోతాయి. స్కాన్‌లో మనకు కనపడేది ఆ నిలబడిపోయిన గుంపు.

ఎందుకు నిలబడతాయి? ఇదే నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లు పంపుతుంది. తిత్తిని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ చాలీ చాలకుండా వస్తుంది, ఎల్‌హెచ్ మాత్రం గబగబా ఎక్కువగా వచ్చిపడుతుంది. దాంతో తిత్తుల చుట్టూ ఉండే కణాలు మగ హార్మోన్లు ఎక్కువ తయారు చేస్తాయి. ఆడవాళ్ళందరిలోనూ అవి కొద్దిగా ఉంటాయి, ఇక్కడ పాళ్ళు పెరుగుతాయి. గడ్డం మీద వెంట్రుకలు, మొహం మీద మొటిమలు, తల మీద జుట్టు పలచబడడం, అన్నీ వాటి పనే.

ఇక ఇన్సులిన్ సంగతి వినండి. చాలామందిలో కండలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. వినడం లేదు కదా అని క్లోమం ఇంకా ఇంకా పంపుతుంది. అండాశయానికి మాత్రం చెవులు బాగానే పనిచేస్తాయి! వచ్చిన ఇన్సులినంతా అందుకుని మరిన్ని మగ హార్మోన్లు చేస్తుంది. పైగా వాటిని రక్తంలో పట్టి ఉంచే ప్రోటీన్ను కాలేయం తగ్గించేస్తుంది. కండలు చేసిన తప్పుకి అండాశయం శిక్ష అనుభవిస్తుంది. ఎంత అన్యాయం చూడండి!

అందుకే రిపోర్టు చూసి కాదు, మనిషిని చూసి చెప్పాలి. చీరాల నుంచి ఒక నేత కుటుంబం వాళ్ళు కాలేజీ పిల్లని తీసుకొచ్చారు. కడుపునొప్పికి స్కాన్ తీయిస్తే రిపోర్టులో ఈ జబ్బు పేరు పడింది. అంతే, ఆ పిల్లకి అన్నం మాన్పించి, బుడగలు కరిగే కషాయం అంటూ ఏదో తాగిస్తున్నారు. చూస్తే నెలసరి తప్పకుండా వస్తోంది, మొహం మీద ఒక్క వెంట్రుక లేదు, రక్తపరీక్షలన్నీ బాగున్నాయి.

"ఈ పిల్లకి ఏ జబ్బూ లేదు, ముందు అన్నం పెట్టండి" అన్నాను.

"ఆ డాక్టరేమో బుడగలున్నాయన్నాడు, మీరేమో లేవంటున్నారు. మేం ఎవర్ని నమ్మాలండీ?" అన్నాడు తండ్రి.

"మీ అమ్మాయి నెలసరిని నమ్మండి" అన్నాను.

వయసు పిల్లల అండాశయంలో తిత్తులు ఎక్కువగానే కనపడతాయి, అది వయసు లక్షణం. నెలసరి తప్పడం, మగ హార్మోన్లు పెరగడం, అండాశయం తీరు మారడం, ఈ మూడింట్లో రెండైనా ఉండాలి. థైరాయిడ్, ప్రోలాక్టిన్, అడ్రినల్ గ్రంథి లోపం, ఇవి కాదని తేల్చుకోవాలి. అప్పుడు పెట్టండి జబ్బుకి పేరు. ఒక్క స్కాన్ కాగితం చూసి పేరు పెట్టే డాక్టర్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కల్లం మానని కోడలు

ఇప్పుడు అసలు కేసు. నేను క్లినిక్ మానేయడానికి కొద్ది ముందు వచ్చింది. ఇన్నేళ్ళూ నేర్చుకున్నదంతా ఆ ఒక్క పూట ఓపీలో పనికొచ్చింది.

మిర్చి కోతల రోజులు. అప్పుడు ఓపీలోకి వచ్చే ప్రతి మనిషి బట్టల్లోనూ ఘాటుంటుంది. నేనూ మా నర్సూ తుమ్ముతూనే పేషెంట్లను చూస్తాం. ఆ రోజు మా క్లినిక్ లిఫ్టు చెడిపోయింది. పర్చూరు వైపు పల్లె నుంచి ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. అందరికన్నా ముందు చకచకా ఎక్కి వచ్చిన పెద్దావిడ పేరు కోటేశ్వరమ్మ. ఆవిడ వెనక కొడుకు శ్రీను, నెత్తిన టోపీ. చివర్న కోడలు మౌనిక. మౌనిక పరాయి పిల్ల కాదు, కోటేశ్వరమ్మ సొంత తమ్ముడి కూతురు. మేనరికం. అంటే ఆ పిల్లకి అత్తగారూ మేనత్తా ఒకరే.

నా అలవాటు ప్రకారం ముందు మౌనికను ఒంటరిగా లోపలికి పిలిచాను. కూర్చోగానే కళ్ళనిండా నీళ్ళు.

"మీరే ఆఖరి డాక్టరంటండి. మీరు కూడా బుడగలనే చెప్తే, కోతలవగానే నన్ను మా నాన్న దగ్గర దించేసిద్దంట అత్త. బావకి వేరే సంబంధం కూడా చూసిందండి."

"మీ బావ ఏమంటాడు?"

"ఏమీ అనడండి. అదే నా ఏడుపు."

నెలసరి మూణ్ణెల్లకో నాలుగు నెల్లకో. గడ్డం కింద వెంట్రుకలు, పీకి పీకి ఎర్రబడ్డ చర్మం. మెడ వెనక నల్లగా, ముఖమల్ గుడ్డ తాకినట్టుంది. అది మురికనుకుని రోజూ సున్నిపిండితో రుద్దుకుని పుండు చేసుకుంది. "అది మురికి కాదమ్మా, ఇన్సులిన్ ఎక్కువైన గుర్తు. రుద్దకు" అని చెప్పి తలుపు తీసి మిగతా ఇద్దర్నీ పిలిచాను.

కోటేశ్వరమ్మ బెంచీ మీద కూర్చుంటూనే మొదలుపెట్టింది. గొంతు చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వినపడే గొంతు.

"డాక్టరు గారూ, దాచేదేముందండీ! ఈ పిల్ల ఒక్క రోజన్నా కల్లం మానితే ఒట్టు! ఊళ్ళో ఆడోళ్ళంతా అడుగుతున్నారు, నీ కోడలు నెలంతా కల్లంలోనే ఉంటదేంటి కోటేశ్వరమ్మా అని. నాకు తల తీసేసినట్టుంది."

కల్లం అంటే కోసిన మిరపకాయ ఆరబోసే నేల. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు దాన్ని తొక్కకూడదని వాళ్ళ ఊళ్ళో ఆచారం. ఆ రోజుల్లో కల్లం గట్టు మీద దూరంగా కూర్చుంటారు. కాబట్టి ఏ ఇంటి ఆడమనిషికి ఎప్పుడు నెలసరి వచ్చిందో కోతల కాలంలో ఊరంతటికీ తెలుసు. ఆ ఆచారం అంటే నాకు ఒళ్ళు మంట. కానీ అప్పుడు తగువుకి దిగే సమయం కాదు, విన్నాను.

"ఇదంతా మా మరదలు వైపు నుంచొచ్చిందండీ" అంది కోటేశ్వరమ్మ. మరదలంటే తమ్ముడి భార్య, మౌనిక తల్లి. "మా పుట్టింట్లో ఇట్టాంటియ్యి లేవు. నన్ను చూడండి, కాపరానికొచ్చిన కాణ్ణుంచి ఎన్ని కోతలు చూశా! ఒక్క పూట కల్లం మాన్లా! మా అత్త ఊరంతా చెప్పుకునేది, మా కోడలు ఒంటిచేత్తో కల్లం దించిద్దని!"

నా పెన్ను ఆగిపోయింది.

ఒక్క పూట కూడా మానలేదట! ఆవిడ గొప్ప కోసం చెప్పింది. నాకు మాత్రం చెవుల్లో గంటలు మోగాయి. ఆ ఊళ్ళో నెలనెలా వచ్చే ఆడది ఒక్క పూటైనా కల్లం మానకుండా ఎలా ఉంటుంది? కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ చెంగు గడ్డం మీద ఉంది. పసుపు దట్టంగా పూసుకుంది, పసుపు కింద గీసిన వెంట్రుకల మోళ్ళు. గొలుసు పక్కకి జరిగిన చోట మెడ నల్లగా, అచ్చం కోడలి మెడే!

"శ్రీనూ, కాస్త బయట కూర్చో నాయనా" అన్నాను. అతను వెళ్ళాక ఆవిడ పక్కనే బెంచీ మీద కూర్చున్నాను.

"కోటేశ్వరమ్మగారూ, మీకు నెలనెలా వచ్చేదా?"

ఆ గొంతంతా ఏమైపోయిందో. చెంగు గడ్డం మీదికి ఇంకాస్త లాక్కుంది. "ఎప్పుడో... ఆర్నెల్లకో, ఏడాదికో" అంది.

"శ్రీను ఒక్కడేనా?"

"ఒక్కడే. శానా ఏళ్ళకి పుట్టాడు. ఈలోపు మా అత్త కూడా..." అని ఆగిపోయింది.

"వేరే సంబంధం చూసిందా?"

తల ఊపింది. "మా తమ్ముడు బండి కట్టుకుని వచ్చాడు నన్ను తీసుకుపోను. సామాన్లు కూడా ఎక్కించాడు. నాకు వాంతులు మొదలై, వీడు కడుపులో ఉన్నాడని తెలిసి దించాడు."

ఆ తమ్ముడి కూతురే ఎదురుగా కూర్చుని నోరు వెళ్ళబెట్టి వింటోంది. ఈ సంగతి ఆ ఇంట్లో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. "అత్తా..." అని ఒక్క మాట అంది మౌనిక. కోటేశ్వరమ్మ ఆ పిల్ల వైపు చూడలేకపోయింది.

"మీ తమ్ముడికి జుట్టెప్పుడు ఊడింది?" అన్నాను.

"పెళ్ళినాటికే బట్టతల. ఇప్పుడు షుగరు కూడా."

"అదిగో! ఇది మీ మరదలు తెచ్చింది కాదమ్మా. మీ పుట్టింటి పోలిక. మీ అమ్మానాన్నల్లో ఎవరి నుంచో మీకూ వచ్చింది, మీ తమ్ముడికీ వచ్చింది. మీకు నెలసరి తప్పడంగా బయటపడింది. మగవాడు కాబట్టి ఆయనకి బట్టతలగా, షుగరుగా బయటపడింది. ఆయన నుంచి ఈ పిల్లకి దిగింది."

"అయితే నా పాపమే దీనికి తగిలిందా?"

"పాపం కాదు, పోలిక! మీ ముక్కు దీనికి రాలేదూ? అలాగే ఇదీ."

కోటేశ్వరమ్మ అప్పుడు మౌనిక ముక్కు వైపు చూసింది. నిజంగానే ఒకటే ముక్కు.

జన్యువుల మాట

ఇక్కడ కొంచెం ఆగి మీకు చెప్పాలి. నేను చదువుకునేప్పుడు "కుటుంబాల్లో కనిపిస్తుంది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టేవాళ్ళు. అందరూ ఒకే ఒక్క జన్యువు ఉంటుందనుకున్నారు. దొరకలేదు, ఎందుకంటే ఒకటి కాదు! బోలెడన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏదో కొంచెం తోస్తుంది. కొన్ని పిట్యూటరీ హార్మోన్ల దగ్గర, కొన్ని మగ హార్మోన్ల తయారీ దగ్గర, కొన్ని ఇన్సులిన్ దగ్గర. అన్నీ కలిసి తోసినా తిండి, బరువు, కదలిక కూడా తోడైతేనే చాలామందిలో బయటపడుతుంది. అందుకే ఒకే ఇంట్లో అక్కకి ఉండి చెల్లికి ఉండదు. ఇవే జన్యువులు మగవాళ్ళలో బట్టతలగా, షుగరుగా కనపడతాయని ఇప్పుడు జన్యుశాస్త్రం చెబుతుంటే, బెంచీ మీద మా రెండో చీఫ్ చూపించిన మేనమామ గుర్తొచ్చి ఎగిరి గంతేయాలనిపిస్తుంది.

అలాగని జన్యు పరీక్ష చేయిస్తామని ఎవరి రక్తమూ లాగకండి. చికిత్సకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. తండ్రి వైపు అడగడం మాత్రం మరవకండి. మనందరికీ తల్లి వైపే అడిగే అలవాటు, ఆడవాళ్ళ జబ్బు కదా అని. మేనత్తకీ మేనకోడలికీ నాలుగో వంతు జన్యువులు ఒకటే. మేనరికం ఇంట్లోనైతే ఆ మేనత్తే అత్తగారై, మనం పిలవకుండానే ఓపీకి వచ్చి కూర్చుంటుంది!

మోకాళ్ళ నొప్పి

మళ్ళీ శ్రీనుని లోపలికి పిలిచాను. పత్తి, మిర్చి రెండూ వేస్తాడట. మంచిదే అనుకున్నాను.

"పత్తికి యూరియా ఎక్కువైతే ఏమవుతుంది శ్రీనూ?"

"ఏపుగా ఎదిగిద్దండి. ఆకే గానీ కాయ పట్టదు."

"కాయ పట్టలేదని చేను పీకేస్తావా?"

"ఎందుకు పీకుతానండీ! యూరియా ఆపుతా."

"మౌనికకి ఇన్సులిన్ యూరియాలా ఎక్కువైంది. అండాలకేం లోటు లేదు, మొదలెట్టి మధ్యలో ఆగిపోతున్నాయి. తిండి మార్చాలి, రోజూ నడవాలి, బరువు కొంచెం తగ్గినా చాలు, మందులున్నాయి. పూర్తిగా నయమైపోతుందని అబద్ధం చెప్పను, అదుపులో ఉంటుంది. పిల్లలు పుట్టే అవకాశం బాగానే ఉంది. ఇప్పుడు నువ్వు చెప్పు, నోరు తెరిచి."

శ్రీను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడే ముందువైపు జుట్టు సగం పోయింది. నాకు లోపల నవ్వొచ్చింది, ఇంకో రుజువు! అతను మాత్రం వాళ్ళమ్మ వైపు తిరిగి, "అమ్మా, నేను మౌనికని పంపను" అన్నాడు.

కోటేశ్వరమ్మ చెంగు సర్దుకుంది. మౌనిక ఆవిడనే చూస్తోంది.

లేచి వెళ్ళబోతూ శ్రీను వెనక్కి తిరిగాడు. "మేడం, మా అమ్మని కూడా ఒకసారి చూస్తారా? మోకాళ్ళ నొప్పులంట. ఈ ఏడు కల్లంలో అడుగే పెట్టలా. గట్టు మీద కూకుని కూలోళ్ళకి చెప్తా ఉంటది."

"నాకేం లేదురా, పద పద" అని కసిరింది కోటేశ్వరమ్మ.

నేను మందులు రాస్తున్నదాన్ని ఆగిపోయాను. మోకాళ్ళ నొప్పులా? లిఫ్టు లేక అందరూ రొప్పుతూ వస్తే అందరికన్నా ముందు మెట్లెక్కి వచ్చింది ఈవిడే! కల్లం ఒక్క పూట కూడా మానలేదని ఇందాకే బెంచీ మీద కూర్చుని గొప్పలు పోయిన మనిషి ఈ ఏడు గట్టు మీద ఎందుకు కూర్చుంటోంది? గట్టు మీద కూర్చునేది ఎవరు?

ఓరి నాయనో! గబగబా వెళ్ళి ఆవిడ చెవి దగ్గర వంగి, "అమ్మా, మళ్ళీ కనపడుతోందా?" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు నొక్కుకున్నాయి.

"మీకెట్టా తెలిసిందండీ?" అంది. "ఆగిపోయి శానా ఏళ్ళయింది. ఈ మధ్య కొంచెం కొంచెం... ఈ వయసులో ముట్టేంటని నవ్వుతారని ఎవురికీ చెప్పలా. కానీ ఆ ఒంటితో కల్లం తొక్కలేను కదండీ."

ఎవరికీ చెప్పకుండా దాచింది, ఆచారం మాత్రం తప్పలేదు. ఆ గట్టే ఆవిడని నాకు పట్టించింది.

పిల్లలూ, ఇది బాగా వినండి. ఏళ్ళ తరబడి అండం విడుదల కాకపోతే గర్భసంచి లోపలి పొర మీద ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తుంది. దాన్ని అదుపు చేయాల్సిన ప్రొజెస్టెరాన్ రాదు. పొర పెరుగుతూనే ఉంటుంది, ఊడిపోదు. పెద్దయ్యాక అక్కడే క్యాన్సర్ వచ్చే ప్రమాదం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ. అందుకే నెలలకొద్దీ నెలసరి రాని అమ్మాయికి, పెళ్ళి కాకపోయినా, పిల్లలు వద్దనుకున్నా, మందిచ్చి ఆ పొర ఊడేలా చూడాలి. ఇది పిల్లల కోసం చూసే జబ్బు మాత్రమే అనుకునే డాక్టరు ఈ జబ్బుని సగమే చూసినట్టు. నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్ళీ రక్తం కనపడితే, ఒక్క చుక్కైనా సరే, పరీక్ష చేసి తీరాలి.

ఆ రోజే స్కాన్ చేశాను, పొర మందంగా ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపాను. క్యాన్సర్ కాదు, కానీ అటు తిరిగే మార్పులు మొదలయ్యాయి. ఇంకొన్నాళ్ళు గట్టు మీదే కూర్చుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. గర్భసంచి తీసేశాం. తీసింది కూడా పరీక్షకు పంపితే ఎక్కడా పాకలేదని వచ్చింది. ఆ రిపోర్టు చేతికొచ్చినప్పుడు నేను నర్సుని వాటేసుకున్నాను, ఆవిడ చేతిలో ట్రే కిందపడింది.

ఆసుపత్రిలో ఆవిడ దగ్గర ఉన్నది మౌనికే. కోతలు ముగిసి కల్లాలు ఎత్తేశారు. ఆ పిల్లని పుట్టింట్లో దించేస్తామన్న రోజు అదే కదా! రౌండ్స్‌కి వెళ్ళేసరికి మౌనిక ఆవిడకి పెరుగన్నం కలిపి పెడుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"కూకోవే, డాక్టరు గారేం అనుకోరు" అంది కోటేశ్వరమ్మ. గొంతు మళ్ళీ ఎప్పటిలా వార్డంతా వినపడింది. "డాక్టరు గారూ, ఆ సంబంధమోళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పానండీ. మా ఇంటికి కోడలుంది, ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యబాకండి అని. మా తమ్ముడు ఆనాడు నా కోసం బండి కట్టాడు. వాడి పిల్లని నేనే బండెక్కించబోయా చూడండి! బుద్ధి గడ్డి తినడమంటే ఇదేనండీ."

మౌనిక ముద్ద చేతిలోనే పట్టుకుని ఏడ్చేసింది. "ఏడిస్తే ఉప్పెక్కువైద్ది, పెట్టు" అంది ఆవిడ, తనూ ఏడుస్తూ. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాను.

గట్టు మీద

పిల్లలు పుట్టారా అని అడగబోతున్నారు కదూ? అందరూ అదే అడుగుతారు. ఆగండి, ముందు ఇది వినండి.

మళ్ళీ మిర్చి కోతలు వచ్చాయి. ఈలోపు మౌనిక పొద్దున్నే చేలగట్ల మీద నడిచేది. పక్కన కోటేశ్వరమ్మ కూడా. ఆవిడకీ పరీక్షలో షుగరు బయటపడింది మరి. మౌనికకి కొన్నాళ్ళు మందులతో నెలసరి తెప్పించాం. తర్వాత దానంతట అది వస్తుందేమో చూద్దామని ఆ మందు ఆపించి, క్లినిక్ చిన్న డాక్టరుకు అప్పగించి నేను ఇంటికొచ్చేశాను. వస్తుందా రాదా అని రోజూ అనుకునేదాన్ని. మా ఆయనకి కూడా మౌనిక పేరు నోటికొచ్చేసింది.

ఒకరోజు పొద్దున ఉప్మా తింటుంటే ఫోన్ మోగింది. ఎత్తగానే చెవి గింగురుమంది.

"డాక్టరు గారూ! మా మౌనిక ఇయ్యాళ కల్లంలోకి రాలేదండీ!"

"ఏంటీ?"

"రాలేదండీ! మందూ మాకూ లేకుండా, దానంతట అదే వచ్చిందండీ! గట్టు మీద కూర్చుంది!"

నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. ఉప్మా ప్లేటు మా ఆయన పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అంత సంతోషంలోనూ నా పాత కోపం మాత్రం పోలేదు.

"అయితే మాత్రం గట్టు మీద ఎందుకు కూర్చోబెట్టారు కోటేశ్వరమ్మగారూ? అది జబ్బూ కాదు, మైలా కాదు. ఆపరేషనప్పుడు వార్డులో అంత చెప్పాను కదా! ఇప్పుడే లోపలికి రమ్మనండి!"

"అయ్యో, నేను రమ్మన్నానండీ! కల్లం మధ్యలో నిలబడి ఇందాకట్నుంచీ పిలస్తానే ఉన్నా. అదే రానంటోంది. పెళ్ళి చీర కట్టుకుని మరీ వచ్చి కూకుంది. ఊరు ఊరంతా చూసిందాకా లెగవదంటండీ!"